వద్దన్న మనిషి

కొత్తగా వేసిన స్లాబు మీద గోనెసంచులు పరిచి, మధ్యాహ్నపు ఎండలో నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. జనపనార, సిమెంటు, వేడి కలిసిన వాసన. ఇప్పుడు నేను మదనపల్లెలో కట్టిస్తున్న బడి మేడ మీద నిన్న ఆ వాసన తగిలింది. పైపు పట్టుకున్న మనిషితో ఏదో చెబుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. తొంభైల నడుమ పుంగనూరులో ఇలాంటి స్లాబు అంచున ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని నిలబడి, "ఇంకా తాగుతాండాది సూడమ్మా, దీని దప్పిక తీరలే" అన్న మనిషి కళ్లముందుకు వచ్చాడు. ఆయన సిద్దప్ప సార్. వెంకటగిరికోట దగ్గర ఒక పల్లె ఆయనది. మా కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. నాకు పని నేర్పింది ఆయనే. నేను చూసిన అతి పెద్ద దుఃఖం కూడా ఆయనదే.

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తిచేసి నేను ఆ కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తే, "ఆడపిల్లవి కదా, ఆఫీసులో కూర్చుని బిల్లులు రాసుకో" అన్నాడాయన. పక్కనే నిలబడి టీ తాగుతున్న సిద్దప్ప సార్ గ్లాసు కింద పెట్టి, "బిల్లులు రాసేదానికి డిప్లొమా యాలప్పా? సైటుకు పంపించు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా బతుకు ఒక దారి పట్టింది. పుంగనూరులో అప్పుడు ఒక హాస్టలు భవనం కడుతున్నారు. మొదటిరోజు నేను కొత్త టేపు, ప్లాను కాగితాలు పట్టుకుని హుషారుగా వెళ్లాను. సార్ ముందు నా కాళ్లకేసి చూసి, మేకులు దిగుతాయి, ఆ చెప్పులు మార్చుకో అన్నారు. తర్వాత, "ఈ వారం ఎవురికీ ఏమీ చెప్పద్దు. తిరుగు. ఎవురు యాడ నీళ్లు తాగుతాండారు, యాడ నీడకు కూచుంటాండారు, అది సూడు" అన్నారు.

నాకు నిరాశ కలిగింది. కమ్ములు, కొలతలు చూడాలని వచ్చినదాన్ని నీడలు చూస్తూ తిరగడమేమిటి? కానీ చూశాను. సిమెంటు మోసే ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు ముట్టడం లేదని రెండోనాటికి తెలిసింది. నీళ్లు తాగితే ఆ తర్వాత పోవడానికి మరుగు లేదు. సాయంత్రం ఆ మాట చెప్పడానికి నాకే సిగ్గేసింది. "ఇన్నేండ్లు సైట్లు సూస్తాండా, నాకు ఎవురూ చెప్పలేదమ్మా ఈ మాట" అన్నారు సార్. మరుసటిరోజు గోడపని ఆపి, వెనక పక్క తడికలు కట్టించి, దొడ్డి ఏర్పాటు చేయించాకే తాపీలు పట్టనిచ్చారు. ఆ పని చేసింది మస్తాను మేస్త్రీ. సార్ ఎక్కడ పనిచేస్తే అక్కడికి వచ్చే బేల్దారి. పుంగనూరు మనిషి. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. తడిక కట్టి దులుపుకుంటూ, "ఇంజనీరమ్మ కట్టించిన మొదటి బిల్డింగు ఇదే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

సార్‌కి పేరు తెచ్చింది పని తొందరగా చేయించడం కాదు, ఆపగలగడం. మదనపల్లెలో ఒక లాడ్జికి స్లాబు వేయాల్సిన రోజు కంకర, ఇసుక, మిక్సరు, మనుషులు అన్నీ సిద్ధం. పొద్దున్నే కొండల వైపు మబ్బు కమ్మింది. సార్ చాలాసేపు అటే చూసి ఈరోజు వద్దన్నారు. యజమానికి ఫోన్ చేసి చెప్పమని నన్ను బూత్‌కి పంపారు. నేను మధ్యాహ్నం దాకా చూద్దామన్నాను. "చెడ్డమాట నానబెట్టకూడదమ్మా. నానేకొద్దీ బరువెక్కుతాది. ఇప్పుడే చెప్పు, మనం ఏం చెయ్యబోతాండామో అదీ చెప్పు" అన్నారు. ఫోనులో బాగా తిట్లు తిన్నాను. ఆరోజు చినుకు పడలేదు. మబ్బు విడిపోయి ఎండ కాసింది. వచ్చిన కూలీలు కూడా సార్‌ని చూసి ముసిముసిగా నవ్వారు. నేను ఆయన తరఫున సిగ్గుపడుతుంటే, ఆయన మాత్రం హాయిగా రాగిసంగటి తింటూ, "వాన రాకుంటే నవ్వుతారు. వచ్చుంటే ఏడ్సేవాళ్లు. నవ్వనీలే" అన్నారు. తప్పని తేలిన జాగ్రత్తకు చిన్నబోకుండా ఉండడం ఎంత కష్టమో, సొంతంగా పనులు చూసుకోవడం మొదలుపెట్టాక నాకు తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పంలో ఒక కళ్యాణమండపం పని వచ్చింది. సార్, నేను, మస్తాను, ముగ్గురం అక్కడే. ముందువైపు స్తంభాలు లేకుండా బయటికి చాచిన పెద్ద పోర్టికో యజమాని ముచ్చట. అందులో మొదటి పెళ్లి తన కూతురిదే కావాలన్నాడు. ముహూర్తం ముందుకు జరిగింది. పోర్టికో కింద స్లాబును మోస్తూ సవుకు కట్టెల ఊతలు అడవిలా నిలబడి ఉన్నాయి. వాటిని తీసేసి రంగులు వేయమన్నాడు. సార్ వద్దన్నారు. స్లాబు ఇంకా తన బరువు తాను మోయలేదు, ఊతలుండగానే చుట్టూ గుడ్డ కట్టి పూలతో అలంకరిద్దామన్నారు. యజమానికి అది అవమానంగా తోచింది.

"నా బిడ్డ పెండ్లికి కట్టెల మద్దెలోంచి రావాల్నా సుట్టాలు? నీ చేత కాదంటే చెప్పు, చేసేవాళ్లు ఉండారు."

"చేత కాక కాదు సార్. ఇది దిగితే మనుసులు పోతారు."

"అపశకునం మాటలు మాట్లాడతాండావా? నడువు బయటికి!"

కాంట్రాక్టరు కూడా యజమాని పక్షమే నిలిచాడు. సార్ తాళాలు బల్లమీద పెట్టి, చొక్కా దులుపుకుని బయటికొచ్చారు. నన్ను ఆ రోజే పుంగనూరు పనికి మార్చారు. లోపల ఇంకా పూత పని మిగిలి ఉండడంతో మస్తాను ఉండిపోయాడు. బస్టాండు దాకా మాతో వచ్చాడు. "మస్తానూ, ఆ ఊతలు ముట్టనియ్యద్దప్పా" అన్నారు సార్. "నేనుండా కదా సార్. మీరు నిమ్మళంగా పోండి" అన్నాడతను.

ఆ వారంలోనే, సార్ తన ఊళ్లో ఉండగా, నేను పుంగనూరులో ఉండగా, యజమాని వేరే మనుషుల్ని పిలిపించి ఊతలు తీయించాడు. లోపల పూత పూస్తున్న మస్తానుకు చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే స్లాబు గోడను కలిసేచోట సన్నటి పగులు. కింద ఇద్దరు కుర్రవాళ్లు కట్టెలు ఏరుతున్నారు. అరుస్తూ లోపలికి దూరి, ఇద్దరినీ బయటికి తోసేశాడు. తను బయటపడలేదు.

కుప్పం ఆసుపత్రి వరండాలో మస్తాను భార్య ఖాజాబీ గోడకానుకుని కూర్చుని ఉంది. అప్పటికే ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. సార్ వెళ్లి ఎదురుగా నేలమీద కూర్చున్నారు. ఆమె తలెత్తి, ఏ కోపమూ లేకుండా, మామూలు మాట చెబుతున్నట్టు అంది: "నువ్వుంటే ఆయన్ని కిందికి పోనిచ్చేవాడివి కాదన్నా."

ఆ మాట తర్వాత సిద్దప్ప సార్ మళ్లీ ఏ సైటులోనూ అడుగుపెట్టలేదు. విచారణకు పిలిస్తే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. తప్పు ఆయనది కాదని అందరూ ఒప్పుకున్నారు, ఆయన తప్ప. వెంకటగిరికోట దగ్గర తమ్ముడి చేనులో టమోటా నారు నాటిస్తూ ఉండిపోయారు. నేను అప్పుడప్పుడు బస్సెక్కి వెళ్లేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, "మీరు వద్దన్నారు కదా సార్, వాళ్లే కదా వెళ్లగొట్టింది" అన్నాను. ఆయన చేతిలోని నారుకట్ట గట్టు మీద పెట్టారు.

"వద్దంటే నా పని అయిపోయిందనుకున్నా రేణుకా. వద్దన్న మనిసి ఆడే ఉండాల. పోయినోని మాట ఎవురింటారు?"

"లోపలికి రానివ్వరు కదా సార్."

"గేటు బయట రోడ్డుండె కదమ్మా. రోడ్డుమింద నిలబడుంటే ఎవురు తరిమేటోళ్లు? నాకు రోషం వచ్చె. బస్సెక్కితి."

ఏళ్లు గడిచాయి. నేను సొంతంగా పనులు చూడడం మొదలుపెట్టిన కొత్తలో, మదనపల్లెలోనే ఒక దుకాణాల భవనం దగ్గర నాకూ అదే ఎదురైంది. మెట్లగది పైకప్పు కింద ఊతలు తీసేస్తామన్నారు. నేను వద్దన్నాను. ఇక రావద్దన్నారు. నేను రోడ్డు దాటి ఎదురుగా వేపచెట్టు కింద నిలబడ్డాను. మరునాడూ వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను. ఊతల మీద చెయ్యి వేయబోయిన ప్రతిసారీ కూలీలు నావైపు చూసి ఆగేవాళ్లు. కింద ఎవరూ ఉండొద్దని నేను రోడ్డు మీది నుంచే అరిచేదాన్ని. యజమాని పిచ్చిదన్నాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. చివరికి విసిగి, స్లాబు గట్టిపడే గడువు పూర్తయ్యేదాకా ఊతలు వదిలేశాడు. పని మాత్రం నాకు మళ్లీ ఇవ్వలేదు. ఆ పైకప్పు దిగేదో, నిలిచేదో, ఎవరికీ తెలియదు.

ఆ సంగతి సార్‌కి చెప్పడానికి వెళ్లాను. అప్పటికే మంచం పట్టారు. అంతా విని, "ఎండగా ఉండెనా?" అని అడిగారు. ఉండె సార్ అన్నాను. ఆయన గోడవైపు తిరిగారు. "మస్తాను ఉండుంటే నీకు టీ పంపించేవాడు" అన్నారు. భుజాలు కదలడం కనిపించింది. నేను ఆ భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను. ఆ ఎండాకాలం దాటకుండానే ఆయన పోయారు. మట్టిలో కలిపే వేళకు ఖాజాబీ పుంగనూరు నుంచి వచ్చింది. అందరూ వెళ్లిపోయాక కూడా ఆమె ఒక్కతే కదలకుండా నిలబడింది.

సైటు పనికి కొత్తగా చేరే పిల్లలు నన్ను ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. కొలతలు, లెక్కలు చెబుతాను. పనివాళ్లకు నీళ్లూ మరుగూ ముందు చూడమని చెబుతాను. ఊతలు తీసే రోజు మాత్రం ఏమీ చెప్పను, నా పక్కన నిలబడమంటాను. మొదటి కట్టె కదలకముందు, పైకప్పు కింద ఉన్న ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి బయటికి రప్పిస్తాను. అందరూ వచ్చేశారని తెలిసినా, ఇంకొక పేరు నోటిదాకా వస్తుంది. దాన్ని మింగుకుని, ఇక తీయండయ్యా అంటాను.