వేగిస మంచం నీళ్ళు

ఇనుప గనులున్న మా బచేలిలో ఏ వస్తువైనా తెల్లగా ఉండేది కొన్న మొదటి వారమే. ఆ తర్వాత చొక్కా, ఆవు, గుడి గోపురం అన్నీ ఇనుప ధూళి రంగులోకి వచ్చేస్తాయి. మా వరండాలోని మంచం కూడా అలాగే ఎర్రబడింది. గనికి యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కతో చేయించిన మంచం అది. పాలిష్ కూడా వేయించలేదు.

మరైగూడ నుంచి మా మామగారు వచ్చి దాన్ని చూశారు.

"ఏంది అల్లుడా, వేగిస మంచాన్ని ఇట్ల బయట పడేసినవు?"

"వేగిస కాదు మామా, పెట్టెచెక్క. మీద ఉన్నది గని దుమ్ము."

"అడవిల పుట్టినోణ్ణి. నాకే కట్టె గురించి జెప్తున్నవా?"

ఎర్రగా ఉండే వేగిస చెక్క నానిన నీళ్ళు తాగితే షుగరు తగ్గుతుందని ఆయన నమ్మకం. ఆ సాయంత్రమే మంచం కోడును కత్తితో గీకి, ఆ పొట్టును గ్లాసులో నానబెట్టారు. పొద్దున్నకు నీళ్ళు ఎర్రగా మారాయి. ఇంకేం, మాత్రలు మానేశారు. దేశం ఓడలకెత్తి జపానుకు పంపుతున్న ఇనుప ఖనిజాన్ని మా మామ పరగడుపున తాగుతున్నారని డైరీలో రాసుకున్నాను. అది చదివి నా భార్య నవ్వలేదు. తండ్రి కాలి వేలి మీద పుండు మానడం లేదు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. మామగారు డాక్టరును చూసి జాలిపడ్డారు.

ఈలోగా ఆయనకు శిష్యుడు కూడా దొరికాడు. పక్క క్వార్టర్లో కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన తనూ షుగరు మాత్రలు మానేసి, రోజూ గ్లాసు పట్టుకుని పొట్టు కోసం వచ్చేవారు. కోడు సన్నబడి, నేను నడుం వాలిస్తే మంచం పడవలా ఊగేది.

ఒక ఆదివారం నా భార్య మంచాన్ని పెరట్లోకి లాగి, నల్లులు పట్టాయంటూ కాగిన నీళ్ళు కుమ్మరించింది. మా ఇంట్లో నల్లులు లేవు. కొబ్బరి పీచుతో తోమేసరికి కాలవంతా ఎర్రబారింది, మంచం ఒలిచిన ముల్లంగిలా తేలింది. ఒక పట్టె మీద 'ఈ వైపు పైకి' అన్న ఇంగ్లీషు అక్షరాలు, బాణం గుర్తుతో సహా బయటపడ్డాయి. బాణం నేలచూపు చూస్తోంది.

మామగారు తడిచెక్కను గోటితో గీకి వాసన చూశారు.

"రంగేమాయెనే?"

"దుమ్మే కద నాయనా, పోయింది. రేపేం తాగుతవు? కాలవల నీళ్ళు ముంచియ్యనా?"

సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దాయన గ్లాసుతో వచ్చారు. "అయ్యో, ఇదేంటి బావగారూ?"

మామగారు బాణం వైపొకసారి, కూతురి వైపొకసారి చూశారు.

"ఏం జెప్పాలె బావా! సారమంత మా బిడ్డ నల్లులకు తాపింది. ఇగ మనకు మాత్రలే గతి."

కూతురు అప్పటికే మాత్ర, మంచినీళ్ళు తెచ్చి నిలబడింది. ఆయన మాత్రను కళ్ళకద్దుకుని, పెద్ద త్యాగం చేస్తున్నవారిలా మింగారు. మిగిలిన నీళ్ళు పక్కాయన గ్లాసులో పోశారు.

"పో బావా, నువ్వు గూడ ఏసుకో."