సున్నా మీద నిలబడని ముల్లు

అక్షరాల్లో తప్పులుంటే ఏమనుకోకండి... ఏడో తరగతితోనే నా బడి ఆగిపోయింది. చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. అందుకే ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాను.

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులొస్తే వికారాబాద్ నుంచి తాండూరుకు, మేనమామ ఇంటికి పోయేదాన్ని. మామకు నాపరాళ్ల వ్యాపారం. ఇంట్లో కంప్యూటర్ ఉండేది. దాని మీద అత్తమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పి ఉండేది. ఆ గుడ్డ తీసే అధికారం బావకు ఒక్కడికే... ఆ బావే ఇప్పుడు మా ఆయన. అందుకే పేరు రాయను.

బావ అందులో విమానం నడిపేవాడు. తెర మీద గుండ్రటి గడియారాలు చాలా ఉండేవి. వాటిలో ఒకటి ఎత్తు చూపేది. చిన్న ముల్లు వేల ఫీట్లు, పెద్ద ముల్లు వందలు. గోడ గడియారం చూడటం వచ్చినదాన్ని, అది కూడా తొందరగానే పట్టుబడింది.

రోజూ బొంబాయి నుంచి లేపి, అక్కడే దింపేవాడట. నేను అక్కడికి పోయిన మర్నాడు గొప్పగా, “ఇయ్యాల మన హైదరాబాద్ నుంచి లేపుత, చూడు” అన్నాడు.

విమానం ఇంకా కదలనే లేదు... చిన్న ముల్లు ఒకటి దాటి రెండు వైపు పోయి ఉంది. పెద్దది ఏడు దగ్గర నిలబడింది.

“బావా, ఇది నేల మీదనే ఉంది గదా. పదిహేడు వందలు చూపిస్తున్నదేంది?”

బావ ముఖం మారింది. ఆ గడియారం కింద చిన్న మర ఉంటుంది. మౌస్‌తో తిప్పితే ముల్లు కొంచెం జరుగుతుంది. తిప్పాడు, తిప్పాడు... సున్నాకు రాలేదు. సరేనని అట్లాగే లేపాడు. దింపేటప్పుడు బయట అంతా మసక. “ఇంకా మస్తు ఎత్తుల ఉన్నం” అంటూ ముల్లునే చూస్తున్నాడు... విమానం ధడేల్మని నేలకు కొట్టుకుంది. మళ్లీ లేపాడు. మళ్లీ అంతే.

అప్పుడు నా వైపు తిరిగాడు. “పొద్దున టేబుల్ తుడిచింది నువ్వే గదా? గా మర తిప్పినవా?”

“నేను ముట్టలే బావా.”

“మొన్నటిదాక సున్నా మీదనే ఉండె. నువ్వొచ్చినంకనే గిట్లయింది.”

అత్తమ్మ అట్లకాడతోనే వంటింట్లోంచి వచ్చింది. “తడిగుడ్డ పెట్టి తుడిచినవా ఏందే? లోపటికి నీళ్లు పోయినయా?”

పొడిగుడ్డే అన్నాను... నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

మా దిక్కు ఫీట్లంటే బోరు లోతు, గని లోతు. కాళ్లు ఎక్కడుంటే అక్కడి నుంచే లెక్క. నేల మీద ఉన్నది పదిహేడు వందలు చూపిందంటే పాడైనట్టే... ఇంట్లో అందరిదీ అదే మాట. తుడిచేటప్పుడు నా వేలు మౌస్‌కు తగిలిందేమోనని నాకూ అనుమానం పట్టుకుంది.

ఇంక చూడండి... నేను గ్లాసు తీసినా అత్తమ్మ కళ్లు నా చేతుల మీదే. బావకు దింపడం రాక నా మీదికి తోస్తున్నాడేమోనని నా కళ్లు బావ మీద. ఒకే పళ్లెంలో మామిడి ముక్కలు తింటూ ఒకరినొకరు దొంగను చూసినట్టు చూసుకునేవాళ్లం.

సెలవులు సగం కాకముందే మామ నన్ను ఇంటికి బయలుదేరదీశాడు. గుమ్మం దగ్గర అత్తమ్మ మెల్లగా అన్న మాట నాకు వినబడనే వినబడింది. “వచ్చే ఏడు తోలుకరాకు. పిల్ల చెయ్యి ఊకుండదు.”

రైల్లో కిటికీ పక్కనే కూర్చున్నా ఏమీ చూడలేదు. ఈ మాట తెలిస్తే అమ్మ తన పుట్టింట్లో తలెత్తుకోలేదు... అదొక్కటే నా భయం.

వికారాబాద్ స్టేషన్‌లో దిగాం. ఎదురుగా పసుపు బోర్డు. ఊరి పేరు కింద చిన్నగా ఆరు వందల చిల్లర మీటర్లని రాసి ఉంది. ఎన్నిసార్లు చూసిన బోర్డో... ఆ అంకె మాత్రం అప్పుడే కంటబడింది.

“మామా... గీ మీటర్లేంది?”

“ఊరి ఎత్తు బిడ్డా.”

“మనం నేల మీదనే ఉన్నం గదా?”

“నేల నుంచి కాదే పిచ్చిదానా, సముద్రం నుంచి లెక్క. అన్ని స్టేషన్లల్ల గంతే.”

“మరి... బొంబాయి బోర్డు మీద ఎంతుంటది మామా?”

“బొంబాయికేముంటది, సముద్రం పక్కనే గదా... సున్నాకు జర...”

మాట సగంలో ఆగిపోయింది. మామ సంచీ కింద పెట్టాడు. బోర్డును చూశాడు, నన్ను చూశాడు. ఫోన్ తీసి బావను పిలిచాడు.

“అరే, ముల్లు మంచిగనే ఉందిరా! అది సముద్రం నుంచి లెక్క చూపిస్తది. హైదరాబాదే గంత ఎత్తుల ఉంది. పదిహేడు వందల కాడ నేల ఉన్నదనుకొని దించు.”

ప్లాట్‌ఫాం బల్ల మీద కూర్చున్నాం. కాసేపటికి ఫోన్ మోగింది. బావ కేక నా దాకా వినబడింది. “దిగింది నాయినా! దిగింది!”

నా ముచ్చట ఎవరూ ఎత్తలేదు. మామ నా తల మీద చెయ్యి పెట్టి, “పా బిడ్డా, అమ్మ ఎదురుచూస్తది” అన్నాడు. అమ్మకు మామ ఏమీ చెప్పలేదు. మరుసటి ఎండాకాలం అత్తమ్మే ఫోన్ చేసి రమ్మంది. పోయేసరికి పూల గుడ్డ తీసి, కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద తెర, చేత్తో పట్టుకుని తిప్పే కర్ర కూడా ఉన్నాయి. నేల నుంచి ఎంతో, సముద్రం నుంచి ఎంతో రెండూ అంకెల్లో పడతాయి. స్టేషన్ బోర్డు కింద ఏం రాసుందో చదివే ఓపిక ఎవరికీ లేదు... కానీ మిక్సీ తిరగకపోతే ఆయన చూపు ముందు నా మీదికే వస్తుంది. “ముట్టినవా?”

ఒకసారి అడిగేశాను. “ఆ రోజు నేను తిప్పలేదని నీకు నిజంగా తెల్వదా?” తెర మీద నుంచి కళ్లు తీయకుండా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో నాకు ఇప్పటికీ అనుమానమే...

చిన్నప్పుడు చేయని పనికి మీ మీద కూడా మాట పడిందా? ఎట్లా తొలగింది? కింద రాయండి... పక్క గదిలో ఆయన విమానం ఇంకా గాలిలోనే ఉంది. అది దిగేలోపు అన్నీ చదువుకుని, ఇది తుడిచేస్తాను. మీరు కూడా ఎవరికీ పంపకండి, మీ ఫోన్లలో ఉంచకండి.