ముందు తిండి సంగతి చెప్పున్రి

స్పెయిన్ నుంచి తిరిగొచ్చి ఏడాది దాటింది. అక్కడ నేనేం చదివానని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఏం తిన్నావని అడగనివాళ్లు మాత్రం లేరు. నాంపల్లిలో మా వీధి మొదట్లో ఉండే ఇస్త్రీ బండి ఆయన దగ్గర్నుంచి, గన్‌ఫౌండ్రీ బ్యాంకులో మా నాన్నతో పాటు పనిచేసి రిటైరైన స్నేహితుల దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కడ తిండీ అదీ ఎలాగమ్మా?" నేను చదివింది మురుగునీటిని శుద్ధి చేసే పద్ధతుల గురించి. మూసీ వాసన పీల్చుకుంటూ పెరిగినవాళ్లకి ఆ మాట మీద కాస్త ఆసక్తి ఉంటుందనుకున్నాను. పిచ్చిదాన్ని. "మురుగునీరా! రామ రామ. అది సరేగానీ, పెరుగు దొరికేదా?" అంది మా మేనత్త.

అందుకని అబిడ్స్ కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేసినప్పుడు కుదరదని చెప్పాల్సింది. నన్ను చదువుకి స్పెయిన్ పంపించింది ఆయనే. "ఆదివారం మా ఆఫీసుకి వచ్చి, వెళ్లబోయే పిల్లలతో కాసేపు మాట్లాడండి మేడమ్. మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి. కొంచెం పాజిటివ్‌గా," అన్నాడు. నన్ను పంపించేటప్పుడు ఇదే నోటితో "ఫుల్ వెజ్ దొరుకుతుంది మేడమ్, మన ఇండియా లాగే" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. వస్తానన్నాను. పదిమందిలో కడిగిపారేయడానికి ఇంతకంటే మంచి అవకాశం ఎప్పుడొస్తుంది?

ఆదివారం కదా, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచారు. వాటి మధ్యలోంచి దారి చేసుకుని మెట్లెక్కాను. లిఫ్ట్ ఉంది, పనిచేయదు. పైన ఏసీ గదిలో పిల్లలు, వాళ్ల వెనక వాళ్ల అమ్మానాన్నలు. ముందు వరసలో మాత్రం ఒక తండ్రి, కూతురు పక్కపక్కనే కూర్చున్నారు. ఆయనకి సుల్తాన్ బజార్‌లో దుప్పట్లు, తువ్వాళ్ల దుకాణం ఉందట. నేను కుర్చీలో సర్దుకోకముందే అందుకున్నాడు.

"మేడం, చదువు సంగతి తర్వాత చెప్పుదురు గానీ, ముందు తిండి సంగతి చెప్పున్రి. మా పిల్లకు సీటొచ్చింది. కాయితాలన్నీ అయినయ్. మా ఇంట్ల మాంసం ముట్టం. గాడ తిండి సక్కగుంటదంటేనే పంపిస్త, లేకుంటే లేదు. గీడ్నే ఏదో ఒకటి చదువుకుంటది."

ఆ పిల్ల తల వంచుకోలేదు. సూటిగా నా వంకే చూస్తోంది. వెనక నుంచి కన్సల్టెన్సీ ఆయన నాకేసి నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం తెలుస్తూనే ఉంది. నేను అబద్ధం చెబితే ఈ పిల్ల వెళుతుంది. నిజం చెబితే ఆగిపోతుంది. ఒక పిల్ల చదువు కూరా పప్పుల మీద ఆధారపడ్డం ఏమిటి, దాని తీర్పు నేను చెప్పడం ఏమిటి?

"మీకు అబ్బాయిలు ఉన్నారా?" అని అడిగాను.

"ఔ, ఉన్నడు. పెద్దోడు. పుణెల చదివిండు."

"పంపించేముందు తిండి సంగతి కనుక్కున్నారా?"

"మగపిల్లగాడు గదా మేడం. ఎట్లనో గట్ల తింటడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో పాజిటివూ లేదు, నెగటివూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సరగోసా అనే ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం నాలుగైంది. విమానంలో పెట్టినదాంట్లో ఏముందో తెలియక ముట్టుకోలేదు. కడుపు కాలిపోతోంది. సామాను గదిలో పడేసి వీధిలోకి వస్తే షట్టర్లన్నీ దించి ఉన్నాయి. అబిడ్స్‌లో పట్టపగలు అలా షట్టర్లు దించారంటే బంద్ అయినా అయ్యుండాలి, గొడవైనా జరిగుండాలి. భయమేసి గబగబా వెనక్కొచ్చి, ఫోన్‌లో అనువాదం పెట్టి ఇంటావిడని అడిగాను, ఏమైందని. ఏమీ కాలేదట. అందరూ భోంచేసి నడుం వాల్చారట. ఐదు దాటాక దుకాణాలు తెరుస్తారు. హోటళ్లలో పొయ్యి వెలిగేది మాత్రం మళ్లీ రాత్రి తొమ్మిది వేళకే. అప్పటిదాకా ఏం చెయ్యాలండీ? మా నాంపల్లిలో ఏ వేళకి ఆకలేసినా ఏదో ఒక మూల పెనం వేడిగానే ఉంటుంది. అక్కడ ఆకలి కూడా వాళ్ల టైము చూసుకుని వెయ్యాలి.

మర్నాడు యూనివర్సిటీ క్యాంటీన్‌లో కూరగాయల శాండ్‌విచ్ అని రాసుంటే ప్రాణం లేచొచ్చింది. తీరా కొరికితే లోపల చేప. పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. అక్కడున్నతను విప్పి చూసి, "ఇది ట్యూనా. మాంసం కాదు" అన్నాడు, నేనేదో మతి లేనిదాన్నయినట్టు. వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. పంది మాంసాన్ని పలచగా కోస్తే అదీ మాంసం కాదు, రుచి కోసం వేసే వస్తువు. మరి మాంసమంటే ఏమిటో అక్కడున్నన్నాళ్లూ నాకెవరూ చెప్పలేకపోయారు.

ఆ వారంలోనే ఇంటావిడ పప్పు వండింది. నిజంగా పప్పే! కుండలాంటి గిన్నెలో కుతకుతా ఉడుకుతుంటే ఆ వాసనకే నా కళ్లు చెమర్చాయి. గరిటె తిప్పితే ఎర్రటి ముక్కలు పైకి తేలాయి. పంది మాంసం. నేను తిననని చేతులూపితే, ఆవిడ పాపం చెంచాతో ఒక్కొక్క ముక్కా ఏరి పక్కన పెట్టి, "ఇదిగో, ఇప్పుడు లేదు" అని గిన్నె నా ముందుకు జరిపింది. మనిషి మంచిదే. చెడ్డదైతే నాలుగు మాటలైనా అనేదాన్ని. అంత ఆప్యాయంగా జరిపిన గిన్నెతో ఏమని పోట్లాడను? రొట్టె ముక్క నములుతూ కూర్చున్నాను.

ఆ రొట్టె కూడా పళ్లెంలో ఉండదు, బల్ల మీద పరిచిన గుడ్డ మీదే పడి ఉంటుంది. స్నేహితులు భోజనానికి పిలిస్తే బల్ల మధ్యలో ఒకటే పళ్లెం, దాంట్లోకి అందరి ఫోర్కులూ. నోట్లో పెట్టుకున్న ఫోర్కే మళ్లీ దాంట్లోకి. ఎంగిలి గురించి వాళ్లకి చెప్పాలని చాలా తంటాలు పడ్డాను. జబ్బేమైనా ఉందా అని జాలిగా అడిగారు.

సరే, నా వంట నేనే చేసుకుంటానంటే ఇంటావిడ ఒప్పుకుంది. పోపులో ఆవాలు చిటపటమన్నాయో లేదో పరుగెత్తుకొచ్చింది. గడ్డకట్టే చలిలో కిటికీలన్నీ బార్లా తెరిచి, తన గదిలోకి పోయి తలుపేసుకుంది. ఇంగువ డబ్బా బాల్కనీలో పెట్టుకోమంది. అదే వంటింట్లో, గట్టు మీద, డెక్కతో సహా ఒక పంది కాలుని చెక్క స్టాండుకి బిగించి గుడ్డ కప్పి ఉంచారు. వచ్చినవాళ్లకి దాంట్లోంచే పలచగా కోసి పెడుతుంది. దానికి వాసన లేదట. నా ఇంగువకి ఉందట!

కారం అయిపోయిందని ఒక డబ్బా కొన్నాను. ఎర్రగా, గుంటూరు కారంలాగే నిగనిగలాడుతోంది. ధైర్యంగా వేసుకున్నాను. తియ్యగా ఉంది. కారం తియ్యగా ఉండడం ఏం అన్యాయం? ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే, "కొంచెం అడ్జస్ట్ అవ్వాలమ్మా" అన్నారు. అన్నది ఎవరు? కాశీకి వెళుతూ వంటమనిషినీ, బియ్యం మూటనీ, ఊరగాయ జాడీనీ రైలెక్కించిన మా పెదనాన్న.

ఇదంతా చెబుతుంటే గదిలో నవ్వులు. కన్సల్టెన్సీ ఆయన మాత్రం నవ్వలేదు. రెండుసార్లు దగ్గాడు కూడా. దుకాణం ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు. ఆయన ముఖం ముడుచుకుపోవడం కనబడుతూనే ఉంది. మొదలుపెట్టాక మధ్యలో ఆపలేను. మిగిలింది కూడా చెప్పాను. కొన్నాళ్లకి ఒక పాకిస్తానీ ఆయన దుకాణం కనబడింది. కందిపప్పు, అసలు కారం, చింతపండు అన్నీ ఉన్నాయి. నా నాంపల్లి ఉర్దూకి ఆయన నవ్వి గుప్పెడు కరివేపాకు ఊరికే ఇచ్చాడు. కాకపోతే నాకు పోపు పెట్టడం తప్ప వంట రాదు. ఇరవై ఐదేళ్లు మా అమ్మ వండిపెడితే తిన్నదాన్ని. చారు పెట్టడం ఫోన్‌లో నేర్చుకున్నాను. వంట వస్తే అక్కడ బతకడం కష్టమేమీ కాదు, రాకపోతే మాత్రం ఏడుపే. అదే చెప్పి ఊరుకున్నాను.

ఆయన కూతురి వైపు తిరిగాడు.

"విన్నవ్ గదా బిడ్డా. మేడమే చెప్పింది, దొరకదని. ఇగ నడు."

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అంది. గొంతు పెంచలేదు.

"గీ అక్కకు వంట రాకుండె నాయినా. నాకొస్తది గదా."

"వస్తే ఏంది? గాడ ఒక్కదానివి, చదువుకుంట, వండుకుంట..."

"గీడ చదువుకుంట వండుతలేనా? అమ్మ నీతోని దుకాణంల కూసుంటది. పొద్దుగాల అందరికి టిఫిను, మీకు డబ్బాలు, నానమ్మకు పత్తెం, రాత్రికి మల్ల వంట. అన్ని చేసి కాలేజీకి పోయిన. గాడ నా ఒక్కదానికే గదా? నా తిండికి ఫికర్ లేదు. నేను పోతే మీకెవరు వండాలె? గది అడుగు నాయినా. మేడంను కాదు, నన్నడుగు."

ఇంతసేపూ నేను మండిపడింది చేప మీదా, ఇంగువ మీదా. నన్ను ఏడాదిగా తిండి గురించి అడిగినవాళ్లంతా కళ్ల ముందు కదిలారు. ఆ అడిగినవాళ్ల ఇళ్లల్లో ఎవరు వండుతున్నారో నేనూ ఎప్పుడూ అడగలేదు. కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. ఆ తండ్రిని ఏదో ఒకటి అనెయ్యాలనిపించింది. కానీ అనవలసింది ఆ పిల్ల అనేసింది. దాని మీద నేనూ ఏదైనా అంటే ఆ మాట చులకనైపోతుంది.

"ఇంటికి పోయి మాట్లాడుదం" అంటూ ఆయన లేచి, తలుపు దగ్గరికెళ్లి చెప్పులేసుకున్నాడు. పిల్ల లేవలేదు. కుర్చీ నా వైపు జరుపుకుంది.

"అక్కా, కుక్కర్ గీడికెళ్లి తీస్కపోవాల్నా, గాడ దొరుకుతదా?"

"ఇక్కణ్ణుంచే తీసుకెళ్లు. చిన్నది," అన్నాను, తలుపు దగ్గరున్నాయనకి వినబడేంత గట్టిగా. "ఒక్క మనిషికి సరిపోయేది."

"గంత చిన్నది మా ఇంట్ల లేదక్కా," అంది. "కొనాలె."