పత్తి నిండిన ఇంటికి క్రిస్మస్ దీపాలు

కరీంనగర్‌లో మా వీధి చివర ఖలీల్ భాయ్ లైటింగ్ దుకాణం ఉంది. పెళ్లి పందిరైనా, దర్గా ఉర్సు అయినా, వినాయక మండపమైనా ఆయన సామాను వెలగాల్సిందే. డిసెంబరు నడుమ ధనుర్మాసం మొదలవగానే పెళ్లిళ్లు ఆగిపోతాయి, ఆ సామానంతా దుకాణంలో ఊరికే పడి ఉంటుంది. మా క్రైస్తవులకు అది కలిసొచ్చే కాలం. పెళ్లిళ్లకు కట్టిన తోరణాలే తక్కువ కిరాయికి దొరుకుతాయి కాబట్టి మా వైపు చర్చిలూ ఇళ్లూ క్రిస్మస్‌కు అంతగా ధగధగలాడతాయి. ఈసారి మా చర్చి గోపురం మీద రంగులు మారే దేవదూతలను కట్టాడు. చాలా బాగుందని నేను మెచ్చుకుంటే ఆయన చెయ్యి ఊపేశాడు.

“గివేం లైట్లక్కా. ఆదిలాబాద్ దిక్కు రూతమ్మవ్వ ఇల్లుంది. గది చూడాలె నువ్వు. మా అబ్బ కాలం నుంచి మేమే కడుతున్నం.”

“గంత దూరం పోయి కడ్తవా భాయ్?”

“ఆదిలాబాద్ మా అత్తగారూరు. కిరాయికి కిరాయి, మర్యాదకు మర్యాద.”

ఆ మాట నా మనసులో పడింది. ఆయన దగ్గర నంబరు తీసుకుని రూతమ్మ గారికి ఫోన్ చేశాను. ముక్కూ మొహం తెలియని నాతో ఆమె, “రా బిడ్డా, పండుకోను జాగకేం తక్వ లేదు” అంది. ఖలీల్ భాయ్ తన ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని ముందురోజే వెళ్లిపోయాడు. నేను ఇరవై నాలుగో తారీఖు పొద్దున ప్రార్థన చేసుకుని, ఒక్కదాన్నే బస్టాండుకు బయలుదేరాను. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నిశ్చింతగా వెళ్లొచ్చు.

ఆరు గంటల ఎక్స్‌ప్రెస్ బస్సు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, అక్కడ నాగపూర్ వెళ్లే పెద్ద రోడ్డు ఎక్కుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే మనకు టికెట్ ఉచితం. మగవాళ్లు తోడు వస్తే మనిషికి నాలుగు వందల దాకా ఉంచుకోవాలి. ఆర్మూరులో పది నిమిషాలు ఆపుతారు, చాయ్ తాగేయండి. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే నీళ్ల మీద మంచు ఇంకా విడిపోలేదు. నిర్మల్ తర్వాత ఘాట్ ఎక్కేసరికి చలి మారిపోయింది. కరీంనగర్ చలికి కప్పుకున్న శాలువా అక్కడ ఏ మూలకూ చాలదు. ఇచ్చోడ దాటాక రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు పత్తి పింజలు చిక్కుకుని కనిపించాయి. ఎదురుగా వచ్చే ప్రతి ట్రాక్టరూ పత్తి బండే. మధ్యాహ్నం పన్నెండు దాటాక గుడిహత్నూరులో దిగాను. అక్కడి నుంచి ఉట్నూరు దారిలో షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. ఊరి పేరు రాయొద్దని రూతమ్మ గారు కోరారు. ఆ దారిలో ఏ ఆటో అతణ్ని అడిగినా, ‘లైట్ల ఇల్లు’ అంటే చాలు, దింపుతాడు.

నన్ను ఎక్కించుకున్న అతను మాత్రం అద్దంలో నా వైపు చూశాడు. “లైట్ల కోసమే వస్తున్నవా అమ్మా? గీసారి లైట్లు లెవ్వట గదా.”

“ఎందుకు లెవ్వు? సామాను నిన్ననే వచ్చిందిగా.”

“సామాను వచ్చింది. కడ్తలేడట. నిన్నటి నుంచి పంచాదే నడుస్తుంది.”

పొలాల నడుమ రోడ్డుకు కాస్త లోపలగా ఉంది ఆ ఇల్లు. పెంకుల కప్పు, పొడవాటి వసారా, ఇంటి గోడకు ఆనుకునే ఒంటి గది చర్చి. ఖలీల్ భాయ్ ట్రాలీ నిండు సామానుతో వాకిట్లోనే నిలబడి ఉంది. ఆయన దాని అంచున కూర్చుని చాయ్ తాగుతున్నాడు. వసారా సగం వరకు పత్తి. కిటికీలోంచి లోపలికి చూస్తే రెండు గదుల్లోనూ కిటికీ ఎత్తుకు పత్తే. వసారాలో మిగిలిన చోట మంచం వేసుకుని, తల మీద కొంగు కప్పుకుని రూతమ్మ కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. నాకు వందనాలు చెప్పింది కానీ మొహంలో కళ లేదు.

“ఏందక్కా చెప్పాలె” అన్నాడు ఖలీల్ భాయ్ నన్ను చూసి. “పత్తి ఉన్న ఇంటికి నేను వైరు కట్ట. ఒక్క మిణుగు రాలిందంటే మనుషులు బయటికొచ్చే టైం గుడ ఉండది. అవ్వ నా మాట వింటలేదు.”

సంగతేమిటో రూతమ్మ కోడలు కరుణ చెప్పింది. ఆమె వంటింటి గడప మీద కూర్చుని తొక్కు నూరుతోంది. పత్తి ఏరే రోజుల్లో వాన పడింది. కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే తేమ ఎక్కువుందని బండి వాపసు పంపించారు. దాంతో ఇంట్లో పరిచి ఆరబెట్టుకుంటున్నారు. కరుణ భర్త మళ్లీ ఒక బండితో ఆదిలాబాద్ మార్కెట్‌కు వెళ్లి, అక్కడ వరసలో నిలబడి ఉన్నాడు. “ఏడాది కష్టమంత గీ ఇంట్లనే ఉందక్కా. నేను ఏరిన పత్తి గిది. వేళ్లు చూడు” అని చేతులు చాచింది. పత్తికాయ ముళ్లకు వేళ్ల చివర్లన్నీ చీరుకుపోయి ఉన్నాయి. “అత్తకు లైట్లు కావాలె. నాకు గీ పత్తి కావాలె. ఇద్దరిదీ తప్పు కాదు.”

జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టారు. తింటూ, అసలు ఈ దీపాలు ఎలా మొదలయ్యాయని రూతమ్మను అడిగాను. ఆమె మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మామగారి కాలంలో ఈ చర్చి లేదు, ప్రార్థన ఈ ఇంట్లోనే జరిగేది. పండుగనాడు తెల్లవారుజాము ఆరాధనకు చుట్టుపక్కల గూడేల నుంచి, తండాల నుంచి జనం ముందు సాయంత్రమే అడవి దారిన నడిచి వచ్చేవారు. చీకటి పడితే దారి తప్పేవారు. అందుకని ఆయన వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, పతంగి కాగితం అంటించి, లోపల కందిలి పెట్టి, పొడవైన వెదురు కొనకు కట్టి ఇంటి మీద నిలబెట్టేవాడట. ఎంత దూరం నుంచైనా ఆ నూనె దీపం కనిపించేది. కరెంటు వచ్చాక బల్బు పెట్టారు. తర్వాత ఖలీల్ భాయ్ తండ్రి సీరియల్ లైట్లు తెచ్చాడు. ఏటేటా పెరిగి ఇప్పుడు కప్పు నుంచి నేల దాకా పరదా లైట్లు, వాకిట్లో తోరణాలు, గోడ మీద నడిచే ఒంటెలు, ఆఖరికి పెళ్లి మండపాలకు కట్టే లైట్ల నెమలి కూడా చేరింది.

“నెమలి ఎందుకు పెద్దమ్మా?” అన్నాను.

“ఖాళీగ ఉందన్నడు ఖలీలు. దేవుడు నెమలిని గుడ చేసిండు గదా అన్న నేను.” నవ్వబోయి ఆగిపోయింది. “మా ఆయన పోయిన ఏడు గుడ నేను దీపం ఆపలే బిడ్డా. ఏడ్సుకుంటనే పెట్టించిన. నడిచొచ్చేటోళ్లకు మా దుఃఖంతోని ఏం పని? గిప్పుడు పత్తి కోసం ఆపాల్నా?”

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద సైకిల్ దిగి ఒకతను వాకిట్లోకి వచ్చాడు. నెత్తిన తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు. “ఏం రూతమ్మవ్వా, నక్షత్రం కట్టలే? ఇంట్ల ఎవలన్న పోయిండ్రా?”

“నేనే పోయేటట్టున్న. జర ఆగి పో” అంది రూతమ్మ.

అతను కంగుతిని వెళ్లిపోయాడు. కరుణ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రూతమ్మ మాత్రం మళ్లీ మొహం ముడుచుకుంది. సాయంత్రం వచ్చే వాళ్లందరూ ఇదే మాట అడుగుతారన్నది ఆమె బాధ. అడగడానికైనా దారి దొరకాలి కదా అన్నది మరో బాధ.

ఇంటి ముందు సోయా కోసేసిన చేను ఖాళీగా పడి ఉంది. ఖలీల్ భాయ్ అటు చెయ్యి చూపించాడు. “ఆ చేన్ల కడ్తనంటే వద్దంటది. జనరేటర్ గుడ తెచ్చిన. ఇంటి కరెంటుతోని పనే లేదు.”

“యేసయ్య పుట్టినప్పుడు నక్షత్రం ఇంటి మీదికొచ్చి ఆగింది” అంది రూతమ్మ ఖచ్చితంగా. “చేన్ల ఆగలే.”

నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాను. చదివింది పదో తరగతే. కానీ క్రిస్మస్ కథను ఇరవై ఏళ్లుగా మా ఆదివారం బడి పిల్లలకు చెబుతున్నదాన్ని, దాని సంగతి నాకు బాగా తెలుసు. “నక్షత్రం తూర్పు దేశపు జ్ఞానులకు కనవడ్డది పెద్దమ్మా. గొల్లోళ్లకు వెలుగు చేన్లనే కనవడ్డది. వాళ్లు మందలు కాసుకుంట బయటనే ఉండిరి, దేవుని దూత ఆడికే వచ్చిండు. మరి మీ ఇంటికి నడిచొచ్చేటోళ్లు జ్ఞానులా, గొల్లోళ్లా?”

ఆమె ఖాళీ చేను వైపు చూసింది. “జ్ఞానులైతే గీ చలిల నడిచొస్తరా” అంది. “గొల్లోళ్లే.” మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. “కట్టు ఖలీలూ. గా నెమలిని గుడ పెట్టు.”

అప్పటికి మూడు గంటలు. ఖలీల్ భాయ్, ఆయనతో వచ్చిన ఇద్దరు పనివాళ్లు వెదుళ్లు పాతారు. నల్లరేగడి నేల అడుగున వాన తడి ఇంకా ఉంది కాబట్టి గుంతలు తొందరగానే దిగాయి. జనరేటర్‌ను చేను అవతలి గట్టు మీద పెట్టి, పక్కన డ్రమ్ము నిండా నీళ్లు పోయించింది కరుణ. పరదా లైట్లు ఒక్క వరసలో కాకుండా వెదురు వెదురుకూ గుడారంలా వచ్చాయి. ఆరు కావస్తుంటే ఖలీల్ భాయ్ స్విచ్చు వేశాడు. చేనంతా ఒక్కసారిగా తెల్లగా, తర్వాత నీలంగా మారింది. ఎప్పుడూ గోడకు అంటి ఉండే ఒంటెలు ఇప్పుడు నేల మీద, గాలికి కదులుతూ నిజంగానే ఎటో పోతున్నట్టున్నాయి. గట్టు మీద నెమలి పురి విప్పింది. అందరికంటే ఎత్తున, కొత్త వెదురు కొనన, నక్షత్రం తిరిగింది. వెనక ఇల్లు చీకట్లో ఉంది.

చీకటి ఇంటిని చూసి జనం కంగారుపడతారని రూతమ్మకు తెలుసు. అందుకే శాలువా కప్పుకుని, కర్ర పట్టుకుని రోడ్డు మలుపు దగ్గరికి తనే వెళ్లి నిలబడింది. నేనూ తోడు వెళ్లాను. వచ్చినవాళ్లు దూరం నుంచే ఇంటి వైపు చూసి అడుగు నెమ్మది చేసేవారు. “మేమంత మంచిగనే ఉన్నం. ఇంట్ల పత్తుంది. చేన్లకు రాండ్రి” అని ఆమె ప్రతి గుంపుకూ చెప్పింది. గూడెం నుంచి వచ్చిన ముత్తయ్య అనే ముసలాయన లైట్ల దగ్గర ఆగి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు.

“గీ ఏడు లైట్లు మా దిక్కు వచ్చినయే రూతమ్మా.”

“కాళ్లు గుంజుతున్నయని నిరుడంత సతాయిస్తివి గదా. నాలుగడుగులు తక్వ అయినయి, పో.”

పాటలు మొదలయ్యాయి. కరుణ ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. మొదటి పాట అయ్యేదాకా ఆమె మెడ వెనక్కి, ఇంటి వైపే తిరుగుతూ ఉంది. చేనులో వెలుగు కిటికీ దాకా పోయి లోపలి పత్తి మీద పడుతోంది. నీలం వస్తే పత్తి నీలంగా, ఎరుపు వస్తే ఎరుపుగా. “అక్కా, పత్తి చూడు” అని నా మోచేయి తట్టింది. రెండో పాటకు తనూ గొంతు కలిపింది, మరి వెనక్కి చూడలేదు. ఎప్పుడూ వసారాలో పడుకునే జనం ఆ రాత్రి చేనులో పట్టాలు పరుచుకున్నారు. పండుగకు చేసిన గరిజెలు రూతమ్మ తనే తిరిగి పంచింది. నాకు మాత్రం పత్తి గదిలో ఓ మూల చోటిచ్చారు. ఆ చలిలో అంత వెచ్చగా నేనెప్పుడూ పడుకోలేదు. తెల్లవారుజాము ఆరాధన కూడా చేనులోనే జరిగింది. ఎండ ఎక్కాక గుడిహత్నూరు వచ్చి నిర్మల్ బస్సు ఎక్కి, అక్కడ మారి, సాయంత్రానికి ఇల్లు చేరాను.

పండుగకు ఇన్ని దీపాలు అవసరమా, ఆడంబరం కాదా అని మా సంఘంలోనే కొందరు అంటారు. నేను కూడా లోపల కొంత అలాగే అనుకునేదాన్ని, నెమలిని చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ మలుపు దగ్గర నిలబడి, చీకట్లో నుంచి వచ్చేవాళ్ల మొహాలు ఒక్కొక్కటిగా వెలుగులోకి రావడం చూశాక ఆ ప్రశ్న నాకు మిగల్లేదు. దీపం ఎక్కువైందా తక్కువైందా అని తేల్చాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లు కాదు, నడిచి వచ్చేవాళ్లు. వాళ్లలో ఎక్కువైందన్నవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. దీపం ఎక్కడ పెట్టాలన్న విషయంలో మాత్రం రూతమ్మ తన పట్టు విడిచింది, కరుణ తన భయం దాచుకోకుండా చెప్పింది. ఆ రెండూ జరిగాయి కాబట్టే నేను ఆ వెలుగు చూడగలిగాను.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. డిసెంబరులో ఆ దారిలో ప్రతి ఇంట్లోనూ పత్తి ఉంటుంది. టపాసులు, కొవ్వొత్తులు వెంట తీసుకెళ్లకండి. చేతిలో ఒక బ్యాటరీ లైటు ఉంటే చాలు.