నాగమణి టీచరు మూడో కాలమ్

మా ఇంట్లో బీరువా కింది అరలో, పాత పెళ్లిపత్రికల కట్ట కింద, ఈ పొద్దుటిదాకా ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. అది నాది కాదు. పోయిందని చెప్పాను. పోలేదు. ఇన్నేళ్లుగా ఈ సంగతి నాకు గొంతులో చేపముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు రాయను. ఒకసారి రాయకూడని చోట రాసుకున్నాను, అది చాలు. ఆ నోట్‌బుక్ ఎవరిదో వారి పేరు మాత్రం రాస్తాను. నాగమణి టీచరుది. కంకిపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేవారు. నేను విజయవాడలో ఇంకో బడిలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఆవిడకన్నా పదిహేనేళ్లు పెద్దవాణ్ణి. ఇంగ్లీషు బాగా వచ్చిన మాస్టారని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు మహా ఇష్టంగా కూడా ఉండేది. సైన్సు టీచర్లకి ట్రైనింగులు జరిగితే వేదికెక్కి మాట్లాడే నలుగురిలో నేనొకణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. అప్పుడు విజయవాడలో సందుకొక నెట్ సెంటర్ వెలిసింది. నాగమణి టీచరు ప్రతి ఆదివారం ఉయ్యూరు నుంచి వచ్చే బస్సెక్కి బెజవాడ దిగి, బస్టాండుకి దగ్గర్లో ఉన్న ఒక నెట్ సెంటర్లో కూర్చునేవారు. చుట్టూ రిజల్ట్సు చూసుకునేవాళ్లు, చాటింగులు చేసుకునేవాళ్లు. మధ్యలో కొంగు భుజం చుట్టూ లాక్కుని, తెర వైపు ముందుకు వంగి, సైన్సు వెబ్‌సైట్లు వెతుక్కుంటూ ఈవిడ. ఆ రోజుల్లో ఒక బొమ్మ రావాలంటే పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. అది దిగేలోపల, కింద ఏముండొచ్చో ఊహించి కాగితం మీద గీసుకుని, పూర్తిగా వచ్చాక సరిచూసుకునేవారట. ఎదురుచూడడాన్ని కూడా ఆవిడ ఒక పాఠం చేసుకున్నారు.

ఆ నోట్‌బుక్కులో పేజీకి మూడు కాలమ్‌లు. మొదటిదాంట్లో వెబ్‌సైట్ అడ్రసు, అక్షరం అక్షరం విడగొట్టి, గుండ్రటి చేతిరాతతో. రెండోదాంట్లో ఆ సైటులో ఏముందో తెలుగులో నాలుగు మాటలు. మూడోదానికి ఆవిడ పెట్టిన పేరు ‘చేస్తే ఏమైంది’. తన క్లాసులో పిల్లలతో చేసి చూడకుండా ఏ సైటునీ మంచిదని ఆవిడ రాసేవారు కాదు. వాళ్ల నాన్న కొల్లేట్లో చేపలు పట్టేవాడు. కాలు పెట్టకుండా లోతు చెప్పేవాడు కాదని ఒకసారి నాతో అన్నారు.

ఆ మూడో కాలమ్ గురించి మీకు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన పని ఎంత నీచమో మీకు తెలియదు. ఒక విదేశీ మ్యూజియం వాళ్ల సైటులో ఎర్ర క్యాబేజీ రసంతో ఆమ్లాలూ క్షారాలూ తేల్చే ప్రయోగం ఉంది. దాని పక్కన ఆవిడ రాసింది ఇది: ‘ఎర్ర క్యాబేజీ మన దగ్గర దొరకదు. శంఖుపూలతో చేశాం. నిమ్మరసంలో ఊదా, సున్నపు తేటలో ఆకుపచ్చ. పిల్లలు ఇంట్లో చారులో కూడా వేసి చూశారు. వద్దని చెప్పాలి.’ కప్పని కోయకుండానే కంప్యూటర్లో లోపలి భాగాలు చూపించే సైటు ఒకటి. దాని పక్కన: ‘మా బడిలో కంప్యూటరు లేదు. బొమ్మలు ప్రింటు తీసుకెళ్లాను. మరి కప్ప బతికే ఉందా టీచర్ అని అడిగారు. ఉంది అన్నాను. చప్పట్లు కొట్టారు.’ కొన్నిచోట్ల ఒకే వాక్యం: ‘అవలేదు. ఎందుకో నాకు తెలియదు.’

ఎందుకో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను నేను. ఒక్క రోజైనా పిల్లల ముందు ఆ మాట అన్నానా? లేదు. ప్రయోగం తప్పితే గంట కొట్టేదాకా ఏదో ఒకటి మాట్లాడి నెట్టుకొచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

నోట్‌బుక్ నా దగ్గరికి రావడానికి కారణం నా ఇంగ్లీషే. కొన్ని మాటలకి తను రాసుకున్న తెలుగు అర్థాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టమని ఆవిడే తెచ్చి ఇచ్చారు. సరిగ్గా ఆ వారమే మా పై అధికారి, సైన్సు టీచర్లకి పనికొచ్చే వెబ్‌సైట్ల జాబితా ఒకటి తయారుచేసి వచ్చే ట్రైనింగులో పంచమని నాకు పురమాయించారు. నాకు మౌసు పట్టుకోవడం కూడా రాదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఇంత పేరున్న మాస్టారు, ఒక పల్లెటూరి టీచరమ్మని అడిగి నేర్చుకోవడమా అనిపించింది. అడిగి ఉంటే ఆవిడ సంతోషంగా కూర్చోబెట్టి నేర్పేవారు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్లి మొదటి రెండు కాలమ్‌లూ కొట్టించాను. కింద ‘సంకలనం’ అని నా పేరు వేయించాను. మూడో కాలమ్ వదిలేశాను. ఎందుకు? అందులో ఆవిడ పిల్లలున్నారు, ఆవిడ ఊరుంది, ఆవిడ గొంతుంది. అది చదివినవాళ్లెవరూ దాన్ని నేను రాశానని నమ్మరు. మొదటి రెండు కాలమ్‌లూ ఎవరివైనా కావచ్చు. ఇంత తెలివిగా లెక్కవేసినవాణ్ణి, పొరపాటున జరిగిందని ఇప్పుడెలా అనగలను?

ట్రైనింగు రోజు శుక్రవారం. ఆషాఢం ముసురు, హాల్లో గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. అందరి చేతుల్లోనూ నా పేరున్న కాగితాలు. నాగమణి టీచరు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. కాగితం తిప్పి చూశారు, మళ్లీ తిప్పి చూశారు, మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. నేను అటువైపు చూడకుండా మాట్లాడుతున్నాను. చివర్లో మా అధికారి, వీటిలో ఏదో ఒకటి చేసి చూపించమన్నారు. జాబితాలో అన్నిటికన్నా తేలికగా కనిపించింది బుడగ ప్రయోగం. బుడగని తలకి రుద్దితే విద్యుదావేశం పుడుతుంది, గోడకి ఆనిస్తే అతుక్కుంటుంది. అంతే కదా అనుకున్నాను.

రుద్దాను. గోడకి ఆనించాను. జారి కింద పడింది. మళ్లీ రుద్దాను, మళ్లీ పడింది. మూడోసారి పడ్డప్పుడు ముందు వరసలో నవ్వులు మొదలయ్యాయి. వెనకనుంచి ఎవరో, ఇవన్నీ అమెరికా వాళ్ల సైట్లు, మన దగ్గర ఎక్కడవుతాయి అన్నారు. చాలామంది తలలూపారు. చేతిలో కాగితాలు మడిచేస్తున్నారు. ఇన్నేళ్ల పేరు ఆ బుడగతోపాటు కింద పడుతోందనిపించింది.

అప్పుడు నాగమణి టీచరు లేచారు. మాస్టారు నూనె తలతో చేస్తే ఏమవుతుందో ముందు చూపించారని, ఇక పొడితలతో చూపించమంటున్నారని, అదంతా నేను ముందే అనుకుని చేసినట్టు చెప్పి వేదిక దగ్గరికి వచ్చారు. కొత్త బుడగ తీసుకున్నారు. గోడ మీద అక్షరాలు వేసే ప్రొజెక్టరు పక్కనుంచి వేడిగాలి వస్తుంది కదా, దాని ముందు బుడగని కాసేపు పట్టుకుని చెమ్మ ఆరబెట్టారు. శుక్రవారం, ఆవిడ తలంటుకుని వచ్చారు. జడ కొసకి గట్టిగా రుద్ది, గోడ మీద ఒక మూల కాస్త ఆరిన చోటు చూసి ఆనించారు. బుడగ నిలబడింది. నూనె పొర ఏం చేస్తుందో, వానాకాలం గాలిలో తడి ఏం చేస్తుందో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. పిల్లలందరూ తలకి కొబ్బరినూనె రాసుకునే వస్తారు కాబట్టి, ఆదివారం తలంటు పోసుకోమని చెప్పి సోమవారం చెయ్యాలన్నారు. సంక్రాంతి వెళ్లాక, గాలి పొడిగా ఉన్నప్పుడైతే ఇంకా బాగా అవుతుందన్నారు.

అదంతా మూడో కాలమ్‌లో ఉంది. నేను వదిలేసిన కాలమ్‌లో.

హాలంతా చప్పట్లు. మా అధికారి వచ్చి నా భుజం తట్టారు, ఆవిడది కాదు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నాగమణి టీచరు ఏమీ పట్టనట్టు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. అంత పెద్ద మనసుని దగ్గరనుంచి చూడడం నాకు అదే మొదటిసారి. దాని ముందు నేనేం చేశానో ఇప్పుడు చెప్తాను.

టీ ఇచ్చే వేళకి వరండాలో ఆవిడ నా పక్కకి వచ్చారు. వాన పడుతోంది.

"మాస్టారూ, మూడో కాలమ్ వెయ్యలేదేంటండీ?"

"పేజీలో పట్టలేదమ్మా."

"పేరుదేముందండీ, ఎవరిదైతే ఏంటి. ఆ కాలమ్ లేపోతే మాత్రం అందరూ ఇందాక మీలాగే నిలబడిపోతారండీ. ఒకసారి అవకపోయిందంటే ఇంక ఆ జోలికే రారు. నా పుస్తకం ఇచ్చేయండి, జిరాక్సు తీయించి నేనే పంచుతాను."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా సంచి మీదికి వెళ్లింది. నోట్‌బుక్ అందులోనే ఉంది. తీసి ఇచ్చేస్తే అయిపోయేది. కానీ ఆ చేతిరాత జిరాక్సులై నూరు బడులకి వెళ్తే? నా కాగితం పక్కన పెట్టి ఎవరైనా చూస్తే?

"అది బస్సులో పోయిందమ్మా. మొన్ననే."

నామీద కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఏ బస్సండీ?"

హనుమాన్ జంక్షన్ బస్సని నోటికొచ్చింది చెప్పాను. ఆవిడ నమ్మారు. తర్వాత మూడు ఆదివారాలు నెట్ సెంటర్‌కి వెళ్లకుండా, బస్టాండులో ఆ రూటు కండక్టర్లని ఒక్కొక్కరినీ ఆపి, అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ దొరికిందా అని అడిగారట. నాకు ఆ సంగతి చెప్పింది వేరే టీచరు. నాలుగో ఆదివారం నేను ఆ నెట్ సెంటర్ ముందునుంచి నడిచి వెళ్లాను. ఆవిడ లోపల ఉన్నారు, కొత్త నోట్‌బుక్కుతో. స్కేలు పెట్టి నిలువుగీతలు కొట్టుకుంటున్నారు.

ఆవిడ చెప్పినట్టే అయింది. నా జాబితా పట్టుకుని ప్రయత్నించినవాళ్లలో చాలామంది ఒకటి రెండు తప్పాక మానేశారు. నెట్‌లో సైన్సంతా ఉత్త కబుర్లని నాతోనే అన్నవాళ్లున్నారు. ఆ బడుల్లో పిల్లలు చూడకుండా పోయిన శంఖుపూల రంగులకి జవాబుదారీ ఎవరు? నేనే కదా.

రెండేళ్లకి పైగా పట్టింది ఆవిడకి. పాత ప్రయోగాలన్నీ మళ్లీ చేసి, మళ్లీ రాసి, ఈసారి జిరాక్సులు తీయించి అడిగిన ప్రతి బడికీ పంచారు. నాకూ ఒకటి పంపారు, తప్పులుంటే దిద్దమని చీటీ పెట్టి. ఉత్త మర్యాదకి రాసిన మాట కాదది, ఆవిడ నిజంగానే దిద్దమన్నారు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. దిద్దడానికి ఏమీ లేదు. ఆ తర్వాత ట్రైనింగుల్లో ఆవిడ పుస్తకం పట్టుకుని ప్రయోగాలు చేసే కుర్ర టీచర్లని చూసినప్పుడల్లా గర్వంగా ఉండేది. నాకు గర్వపడే హక్కెక్కడిదని మరుక్షణం అనిపించేది.

ఇంకొకటి ఉంది. అదే అన్నిటికన్నా బరువు. ట్రైనింగు అయిన మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ నోట్‌బుక్ తీసి మొదటిసారి చివరిదాకా తిరగేశాను. కాపీ కొట్టేటప్పుడు నాకు అడ్రసులు కావాలి, చివరి పేజీతో పనేముంది? అక్కడ ఆవిడ రాసి ఉంచారు: ‘ఇది ఎవరికి కావాలన్నా రాసుకోవచ్చు. నా పేరు అక్కర్లేదు. తప్పులు మాత్రం వదిలెయ్యకండి.’

ఊరికే ఇచ్చినదాన్ని దొంగిలించాను నేను. ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు తప్పి దొంగిలించాను. ఆ రోజే వెళ్లి ఇచ్చేయాల్సింది. ఏ బస్సండీ అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ మాట దగ్గరే ఇన్నేళ్లూ ఆగిపోయాను.

మొన్న మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి కాలమ్‌లో ఉన్న అడ్రసులు కొట్టించాను. సగానికి పైగా తెరుచుకోలేదు. ఆ సైట్లు లేవు, మారిపోయాయి. నేను నా పేరు వేసుకున్నది వాటికి. మూడో కాలమ్ ఒక్కటే ఈ రోజుకీ నిజం. నూనె తలకి బుడగ ఈ రోజుకీ అంటదు.

ఈ పొద్దున ఆ పేజీ తీశాను. బుడగ ప్రయోగం పక్కన మూడో కాలమ్‌లో ఆవిడ రాత కింద రెండు గీతల ఖాళీ ఉంది. పెన్ను తీసి, తేదీ వేసి రాశాను: ‘నూనె తలతో చేశాను. అవలేదు. టీచరు గారు నా పరువు నిలబెట్టారు. పుస్తకం పోయిందని అబద్ధం చెప్పాను. అప్పుడది నా సంచిలోనే ఉంది.’ కింద నా పేరు కూడా రాశాను. క్షమించమని రాయలేదు. ఆ కాలమ్‌లో జరిగింది తప్ప ఇంకేమీ రాయకూడదు.

ఆవిడ ఉయ్యూరులో ఉంటున్నారని తెలుసు. నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నాను. చూసి ఏమంటారో, అసలు తీసుకుంటారో లేదో నాకు తెలియదు. నాకు తెలియదు అని రాయడం ఇంత తేలికని ఇన్నాళ్లూ తెలియలేదు.