ఒక్క డప్పు మిగిలిన పాట

ఆ వయసులో కొందరికి ప్రేమ జబ్బు పట్టుకుంటుంది. నాకు కుళ్లు జబ్బు పట్టుకుంది. అదీ పరాయివాడి మీద కాదు, సొంత మేనత్త కొడుకు మీద. పటాన్‌చెరులో ఓ మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ హెల్పరుగా కొత్తగా చేరిన రోజులవి. పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు కట్టేవాణ్ణి. వెనక వీధిలో బావదీ అదే పిచ్చి. తేడా ఏమిటంటే, అతని దగ్గర మెరిసే కొత్త ల్యాప్‌టాప్ ఉండేది. నా దగ్గర ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత డబ్బా ఉండేది. (దాన్ని ఆన్ చేసి, టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా అది ఇంకా నిద్ర లేచేది కాదు.)

ఆ ఏడు మా బస్తీ బోనాల ఊరేగింపుకు సొంత పాట ఉండాలని కమిటీవాళ్లు పట్టుబట్టారు. "ఇద్దరు చెరొకటి చేసుకరాండ్రి. శనివారం పొద్దుమీకి పెన్‌డ్రైవ్ ఇయ్యాలె. రెండూ ఏస్తం. ఏది జనానికి ఎక్కితే ఇగ ప్రతి ఏడు గదే" అన్నాడు కమిటీ పెద్దాయన. ప్రతి ఏడూ! మా అమ్మ బోనమెత్తుకుని నడిచే దారంతా ఏటేటా బావ పాటే మోగుతుందన్న ఊహకే నాకు కడుపు మండిపోయింది.

ఆ మంటలో, దొరికిన వాయిద్యాలన్నీ పాటలోకి దించాను. డప్పుల మీద డప్పులు, తాషాలు, గజ్జెలు, సన్నాయి, వెనక పెద్ద కోరస్, పైగా ప్రతిదానికీ విడివిడిగా ఎకో. డబ్బా ఊరుకుంటుందా? పల్లవి దాటగానే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు, ఆపైన పాటే ఆగిపోయేది. తెర మూలన లోడ్ చూపించే గీత ఎర్రబడి కూర్చుంది. "ఈ డబ్బాతోని కాదమ్మా" అని విసుక్కుంటే, చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తలెత్తకుండానే, "ఆడరాక మద్దెల ఓడన్నడంట! మీ బావ ఎన్నడన్న గిట్లన్నడా?" అంది.

చక్కెర అడగడానికి వచ్చినట్టు బావ ఇంటికి వెళ్లాను (సాయం అడగడానికైతే చచ్చినా వెళ్లను). అతని తెర నిండా వాయిద్యాలే, ఒక్క చిటపటా లేదు. సగం వరసలు బూడిదరంగులో ఉన్నాయి. ఆ రంగేందని ఊరికే అడిగినట్టు అడిగాను.

"గవి ఫ్రీజ్ చేసినయిరా బామ్మర్ది. ఒక వాయిద్యం పని ఒడిసినంక దాన్ని ఆడియో లెక్క మార్చి పెడితె, కంప్యూటర్ మల్ల మల్ల కష్టపడే పని లేదు. కూర ఉడికినంక పొయ్యి మీదనే ఉంచుతమా? దించి పక్కకు పెడ్తం గద. ఎకో గూడ అన్నిటికి కలిపి ఒక్కటే పెట్టు, సరిపోతది" అన్నాడు.

బంగారంలాంటి మాట. కానీ కుళ్లు నా చెవుల్లో దూది పెట్టింది. అసలు కిటుకంతా కొత్త ల్యాప్‌టాప్‌లో ఉంటే, కూరలూ పొయ్యిలూ అంటూ నన్ను పక్కదారి పట్టిస్తున్నాడనుకున్నాను. ఆ ఉక్రోషంలో చక్కెర కూడా మరిచి వచ్చేశాను.

నేను నమ్మింది మా ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ మాటని. "లోడ్ ఎక్కువై ట్రిప్ అయితున్నదా? పరేషాన్ గాకు. అక్కర లేని మోటరు ఒక్కొక్కటి బంద్ పెట్టుకుంట పో" అనేవాడాయన. శనివారం మధ్యాహ్నం పాటకు అదే వైద్యం చేశాను. సన్నాయి బంద్. తాషాలు బంద్. డప్పులు ఒకదాని తర్వాత ఒకటి బంద్. కోరస్ తీసేసేటప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. చివరికి నా గొంతు, ఒక్క డప్పు, గజ్జెలు మిగిలాయి, గీత పచ్చబడింది. (ఆ చిటపటలు కంప్యూటర్‌లో వింటున్నప్పుడే తప్ప, ఫైలుగా తీస్తే పాటలోకి రావని చాలాకాలానికి గానీ తెలియలేదు. ఎవరికీ చెప్పకండి.)

ఊరేగింపులో ముందు బావ పాట వేశారు. బండి మీద బాక్సులు అదిరిపోయాయి, పోరగాళ్లు ఎగిరి ఎగిరి ఆడారు. బోనాలెత్తిన ఆడవాళ్లు మాత్రం చూస్తూ నడిచారు. తర్వాత నాది. ఒక్క డప్పు! పరువు పోయిందనుకుని పాన్ డబ్బా వెనక్కి జరిగాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి మా అమ్మ గొంతు కలిపింది. ఆ వెనక మేనత్త (బావను కన్నతల్లి!), ఆ వెనక వీధి వీధంతా అందుకుంది. నేను ఏడుస్తూ తీసేసిన కోరస్ బోనాలెత్తుకుని నడిచి వచ్చింది. "గదే మల్ల ఎయ్యి!" అని కమిటీ పెద్దాయన బండివాడి మీద అరిచాడు.

కాసేపటికి బావ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, ముఖం చిన్నబుచ్చుకుని. "జనం పాడెతందుకు పాటల అంత జాగ ఎట్ల ఇడిచిపెట్టినవ్‌రా? నాకైతే చెయ్యి ఆగది. జెర చెప్పు" అన్నాడు. ఆ కళ్లలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూసుకున్నదే. "గది మనసుల పుట్టాలె బావా" అన్నాను గంభీరంగా.

ఇప్పుడు నా గదిలో ఉన్న కంప్యూటర్‌కి ఎన్ని వాయిద్యాలు వేసినా చెమట పట్టదు. మొన్న కొత్త బోనాల పాట అమ్మకు వినిపించాను. ఆసాంతం వింది. "మస్తుంది బిడ్డా. గని ఈ పాటల మేమెక్కడ పాడాలెరా?" అంది. లోడ్ గీత వైపు చూశాను, సగం కూడా లేవలేదు. బావ మీద కుళ్లు ఎప్పుడో చల్లారింది గానీ, ఆ పాత డబ్బా ముందు ఏడుస్తూ కోరస్ తీసేసిన కుర్రాడున్నాడే, వాణ్ణి తలుచుకుంటే మాత్రం నాకిప్పుడు కడుపు మండిపోతోంది.