లక్ష్ముడి గ్రాఫు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరికాయలు దింపేవాళ్లలో లక్ష్ముడంత నోటి దురుసు మనిషి ఇంకొకడు లేడు. చెట్టు మీద నుంచే తోట ఆసామిని తిట్టిపోసేవాడు. అయినా మళ్లీ అతన్నే పిలిచేవారు. అలాంటివాడికి ఆ ఊళ్లలో ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బే పట్టింది. వారానికి మూడుసార్లు బస్సెక్కి పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. కొన్నాళ్లకే విసిగిపోయాడు.

"నన్నొగ్గీవే. ఆ మిషను కాడ పడుకోడం బతుకేటి?" అని కూతురి దగ్గర మొండికేశాడు.

డయాలసిస్ మానేస్తే ప్రాణం నిలవదని కూతురు పద్మకుమారికి తెలుసు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇక ఆమెకున్నది ఈ ఒక్క మనిషే. 2016లో ఆ పిల్ల పలాసలో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఆకాశ సర్వే మీద ప్రాజెక్టు ఇచ్చారు. పెద్ద టెలిస్కోపు తీసిన గెలాక్సీల ఫొటోలు, కొలతలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక్కో గెలాక్సీ ఎంత మసకగా ఉందో, మన నుంచి ఎంత వేగంగా దూరమవుతోందో చూసి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి.

ఆ కాగితాన్ని ఆసుపత్రికి పట్టుకెళ్లింది. తండ్రి ఎడమ చెయ్యి మిషనుకు కట్టేసి ఉంది, కుడి చెయ్యి ఖాళీ. ఆ చేతికి పెన్సిలిచ్చి, ఫోనులో చూస్తూ అంకెలు చెప్పింది.

"మసకైతే నెంబరు పెద్దదేటి? ఈ తలకిందుల లెక్క ఎవడు పెట్నాడే?" అని గొణిగాడు గానీ, చుక్క సరిగ్గానే పెట్టాడు. చుక్కలు వరసగా పైకి ఎగబాకుతుంటే అతని ముఖంలో పాత కళ వచ్చింది. మసకగా కనిపించేవి దూరానివని, దూరానివే మరింత జోరుగా పోతున్నాయని తనే పట్టేశాడు.

"ఇదయ్యేదాకా వస్తాను. తరవాత నన్ను లాక్కెల్లకు," అన్నాడు.

కుమారి సరేనంది. మోసం అక్కడే మొదలైంది. ప్రాజెక్టు కాలేజీలో ఇచ్చేసినా ఆ మాట తండ్రికి చెప్పలేదు. వెళ్లిన ప్రతిసారీ కొత్త గెలాక్సీలు వెతికి తెచ్చేది. కాగితం నిండితే ఇంకో కాగితం అతికించేది. ఆకాశంలో గెలాక్సీలకేం కొదవ? ఆ పిల్ల ధైర్యమంతా అదే.

"అన్నీ మన్నుంచే పారిపోతన్నాయి కదా. అయితే మద్దెలో ఉన్నది మనమేనేటి?" అని అడిగాడొకరోజు.

"కాదు నానా. మద్దంటూ ఏదీ లేదు. అక్కడ నిలబడి సూస్తే మనమే ఎల్లిపోతన్నట్టు ఉంటాది."

అతను కాగితాన్ని అటు తిప్పి, చివరి చుక్క వైపు నుంచి చూశాడు.

వానాకాలం వచ్చేసరికి ఒళ్లంతా ఉబ్బి, మనిషి బాగా నీరసించిపోయాడు. బస్సు వేళకు కుమారి కొత్త అంకెలతో మంచం దగ్గరికొచ్చింది. అతను పెన్సిలు అందుకోలేదు.

"ఆ బొమ్మ ఎప్పుడో అయిపోనాదమ్మా. నాకు తెల్దనుకున్నావేటి? నీ కోసమే వచ్చినాను. ఇంక నా వల్ల కాదు."

కుమారి గుండె పగిలిపోయింది. "నన్నొగ్గేసి ఎల్లిపోతావా నానా?" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

లక్ష్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేనెల్లిపోతన్నానని ఏడుస్తన్నావు. నా కాడ నుంచి సూడే. నువ్వే ఎల్లిపోతన్నావు."

రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. ఆ రోజు కుమారి తండ్రిని లేవమనలేదు.